డొమైన్ ఎవరి పేరు మీద ఉందండీ?

(చిన్న వ్యాపారాలకు బయటివాళ్లతో వెబ్‌సైట్ చేయించుకోవడంపై విజయవాడ నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. దుకాణానికో, చిన్న సంస్థకో వెబ్‌సైట్ చేయించుకోవాలంటే ఏం చూసుకోవాలి, ఎక్కడ ఇబ్బంది పడతారు? ఈరోజు మన విషయం ఇదే. ఈ పనిలో బాగా అనుభవం ఉన్న నిపుణులు స్టూడియోలో ఉన్నారు. సార్, అప్పుడే ఒక కాల్ ఉంది. హలో, చెప్పండి.

కాలర్ (గుంటూరు, బ్రాడీపేట): నమస్కారం సార్. మాది ట్యూషన్ సెంటరండి. వెబ్‌సైట్‌కి ఒకాయన ఎనిమిది వేలన్నాడు, ఇంకొకాయన అరవై వేలన్నాడు. ఇందులో ఏది కరెక్ట్ రేటండి?

నిపుణులు: రెండూ కరెక్టే కావచ్చు. మీకేం కావాలో కాగితం మీద రాసిచ్చారా?

కాలర్: లేదండి. వెబ్‌సైట్ కావాలని అడిగాం, అంతే.

నిపుణులు: అందుకే ఎవరికి తోచిన రేటు వాళ్లు చెప్పారు. ఒకాయన రెడీమేడ్ టెంప్లేట్‌లో మీ పేరు, ఫోన్ నంబరు పెట్టి ఇచ్చేద్దామనుకున్నాడు. రెండో ఆయన పిల్లలకి లాగిన్లు, ఆన్‌లైన్ ఫీజు, మార్కుల లిస్టు అన్నీ లెక్కేసుకున్నాడు. ముందు మీరు ఒక పేజీ రాసుకోండి. ఎన్ని పేజీలు కావాలి, తెలుగులోనా ఇంగ్లీషులోనా, మ్యాటర్ ఎవరు రాస్తారు, ఫొటోలు ఎవరిస్తారు, రెండో ఏడాది నుంచి ఏమేం కట్టాలి. ఆ కాగితం ఇద్దరికీ ఇచ్చి మళ్లీ అడగండి. ఇంకో మాట. పని ఎవరికిచ్చినా డొమైన్ మాత్రం మీ పేరు మీద, మీ మెయిల్‌తో, మీ కార్డుతో మీరే కొనుక్కోండి.

కాలర్: డొమైన్ అంటే ఆ డాట్ కామ్ పేరే కదండీ?

నిపుణులు: అదే. సైట్ మూడు నాలుగేళ్లకి మార్చేస్తారు, పేరు మాత్రం అదే ఉంటుంది. డాట్ కామ్ అయినా డాట్ ఇన్ అయినా మామూలు పేరుకి ఏడాదికి వెయ్యి రూపాయలు, కాస్త అటూ ఇటూ. ఆ వెయ్యి మీరే కట్టుకోండి.

యాంకర్: థాంక్యూ అండి. తర్వాతి కాలర్, ఎక్కడి నుంచండీ?

కాలర్ (మంగళగిరి): మంగళగిరి నుంచండి. వినపడుతోందా? మాది చీరల కొట్టండి. మా అత్తగారి కాలం నుంచి మగ్గం పనే. నిజాం బోర్డర్ కాటన్ చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్ముతాం. 2020లో లాక్‌డౌన్‌కి కొట్టు మూశాం కదా, అప్పుడు తెలిసిన అబ్బాయి ఒకడు, ఆంటీ నేను వెబ్‌సైట్ చేసిస్తానన్నాడు. బాగానే చేశాడండి, ఏమీ అనడానికి లేదు. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి ఆర్డర్లు వచ్చాయి. ఒకావిడైతే వాళ్లమ్మాయి పెళ్లికి పెట్టుబడి చీరలన్నీ మా దగ్గరే తీసుకుంది. ఇప్పుడేమో ఆ అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఫోన్ చేస్తే ఎత్తడండి. కొత్త చీరల ఫొటోలు పంపిస్తే నెలల తరబడి పెట్టడు. మా తమ్ముడి కొడుకు కంప్యూటర్స్ చదివాడు, వాడు కొత్త సైట్ చేస్తానంటున్నాడు. చేయించుకోమంటారా?

నిపుణులు: చేయించుకోవచ్చమ్మా. దానికంటే ముందు, ఇప్పుడున్న పేరు, ఆ డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

కాలర్: మా కొట్టు పేరేనండి.

నిపుణులు: కొట్టు పేరు సరే. కొన్నది ఎవరు? రెన్యువల్ మెయిల్ ఎవరికొస్తుంది?

కాలర్: ఆ అబ్బాయికేనండి. ఏడాదికి ఇంతని మేము ఫోన్‌పే చేస్తాం, అతను కడతాడు.

నిపుణులు: అదమ్మా ఇబ్బంది. స్థలానికి డబ్బు మీరిచ్చి, రిజిస్ట్రేషన్ మేస్త్రి పేరు మీద చేయించినట్టయింది. మీ కస్టమర్లందరి దగ్గరా ఉన్నది ఆ పేరే. మీ మేనల్లుడు ఎంత మంచి సైట్ చేసినా ఆ పేరు చేతిలో లేకపోతే మళ్లీ మొదటికొస్తారు. ఐకాన్ లుకప్ అని ఒక ఉచిత పేజీ ఉంటుంది, మీ డాట్ కామ్ పేరు అందులో కొట్టమనండి. ఏ కంపెనీలో కొన్నారు, ఎప్పటితో అయిపోతుంది అని చూపిస్తుంది. కొన్నవాళ్ల పేరు చాలాసార్లు కనిపించదు. ఆ తేదీ మాత్రం రాసి పెట్టుకోండి.

కాలర్: సరేనండి. మరి పోలీసులకి చెప్పాలాండీ? మా వారు స్టేషన్‌కి వెళదామంటున్నారు.

నిపుణులు: ఇప్పుడే వద్దమ్మా. ఫోన్ ఎత్తనంత మాత్రాన మోసం అనలేం. ముందు వాట్సాప్‌లో మర్యాదగా రాయండి. ఈ పేరు మా అకౌంట్‌కి మార్చు, లేదా వేరే కంపెనీకి మార్చుకునే ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వు, నీకేమైనా బాకీ ఉంటే చెప్పు అని. అదే కంపెనీలో మీ పేరుతో అకౌంట్ తెరిస్తే అతను దాంట్లోకి మార్చడానికి పెద్ద టైం పట్టదు.

కాలర్: బాకీ ఏం లేదండి. ఇంకా అతనే మాకివ్వాలి. పోయిన నెల ఆర్డర్ల డబ్బులు ఇంకా వేయలేదు.

నిపుణులు: ఆగండమ్మా. ఏ డబ్బులు?

కాలర్: సైట్లో చీర కొంటే కస్టమర్ కడతారు కదండీ. అది అతని అకౌంట్లో పడుతుంది. పదిహేను రోజులకోసారి లెక్క చూసి మాకు వేస్తాడు. మాకప్పుడు కరెంట్ అకౌంట్ లేదని అలా పెట్టాడండి.

నిపుణులు: అమ్మా, డొమైన్ సంగతి రేపు చూసుకుందురు గానీ, ముందు ఇది తేల్చుకోండి. ఇవాళే. పేమెంట్ గేట్‌వే అంటే సైట్లో కస్టమర్ల డబ్బు తీసుకునే ఏర్పాటు, అమ్మేవాళ్ల పాన్, బ్యాంకు ఖాతా పెట్టి తెరిచేది. చీర మీది, బిల్లు మీది, డబ్బు వేరే మనిషి ఖాతాలోకి పోతోంది. రేపు ఇన్‌కమ్ ట్యాక్స్‌లో అది అతని ఆదాయంగా కనపడుతుంది, మీకు లెక్క కుదరదు. కస్టమర్ రిఫండ్ అడిగితే మీ చేతుల్లో ఏమీ ఉండదు. అతను మంచివాడే కావచ్చు. అయినా ఇలా ఉండకూడదు.

కాలర్: అయ్యో... మాకు తెలియదండి. ఇప్పుడేం చేయాలి?

నిపుణులు: ఒకటి, గేట్‌వే నుంచి సెటిల్‌మెంట్ రిపోర్టు తీసి పంపమని రాయండి. ఏ రోజు ఏ ఆర్డరు, ఎంత పడింది, అంతా అందులో ఉంటుంది. రెండు, సైట్లో కొనే బటన్ తీసేసి మీ వాట్సాప్ నంబరు పెట్టమనండి. ఈలోపు పాత కస్టమర్లకి మీరే మెసేజ్ పెట్టండి, డబ్బు ఈ నంబరుకే వేయండి అని. మూడు, మీ పాన్‌తో, మీ బ్యాంకు ఖాతాతో కొత్త గేట్‌వే అకౌంట్ తెరవండి. మీ మేనల్లుడు ఫారం నింపిపెట్టొచ్చు, కానీ ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి.

కాలర్: అలాగేనండి. అయితే మరి పోలీసులకి చెప్పాలాండీ?

నిపుణులు: (నెమ్మదిగా) కంగారు పడకండమ్మా. మెసేజ్ పెట్టి వారం చూడండి. డబ్బూ ఇవ్వక, జవాబూ ఇవ్వకపోతే అప్పుడు లాయరు చేత నోటీసు, ఆ తర్వాత ఫిర్యాదు. ఫోన్‌పేలో మీరు పంపిన రెన్యువల్ డబ్బులు, అతను మీకు వేసినవి, వాట్సాప్ మాటలు, ఏదీ డిలీట్ చేయకండి. మీ దగ్గరున్న సాక్ష్యం అదే.

కాలర్: పేరు ఇవ్వనంటే?

నిపుణులు: డాట్ ఇన్ పేర్లకైతే, వాటిని చూసే నిక్సీ సంస్థ దగ్గర వివాదాలకి ఒక పద్ధతి ఉంది, డాట్ కామ్‌కి వేరేది ఉంది. రెండింటికీ ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ లాంటి హక్కు మీదేనని చూపించాలి, ఖర్చూ అవుతుంది. నన్నడిగితే, అతనికి నాలుగు మంచి మాటలు చెప్పి, అవసరమైతే శ్రమకి ఎంతో కొంత ఇచ్చి పేరు చేతికి తెచ్చుకోండి. గెలిచేదాకా పోట్లాడుతూ కూర్చుంటే ఈలోపు రెన్యువల్ తేదీ దాటిపోతుంది. అది దాటితే మొదట కొన్నాళ్లు గడువిస్తారు. ఆ తర్వాత డాట్ కామ్‌కి 30 రోజులు రిడెంప్షన్ అని ఎక్కువ ఫీజు అడుగుతారు. అదీ అయిపోతే ఎవరైనా కొనేసుకోవచ్చు.

కాలర్: సరేనండి. మా మేనల్లుడు చేసేదానికి కూడా...

నిపుణులు: మేనల్లుడైనా అంతే. పేరు మీది, మెయిల్ మీది, కార్డు మీది.

యాంకర్: అమ్మా, ధన్యవాదాలు. చాలామంది వేచి ఉన్నారు. హలో?

కాలర్ (విజయవాడ, ఆటోనగర్): సార్, మాది లారీ బాడీ బిల్డింగ్ అండి. సైట్ ఫోన్లో ఓపెన్ చేస్తే అక్షరాలు... (శబ్దం) ...నాట్ సెక్యూర్ అని...

నిపుణులు: ఎస్‌ఎస్‌ఎల్, అంటే సైట్ కనెక్షన్‌ని భద్రంగా ఉంచే సర్టిఫికెట్, లేదండి మీకు. 2018 నుంచి క్రోమ్ అలా చూపిస్తోంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని ఉచితంగానే వస్తుంది, హోస్టింగ్ వాళ్లని, అంటే మీ సైట్‌ని తమ కంప్యూటర్లలో ఉంచేవాళ్లని అడగండి. దానికి విడిగా వేలకి వేలు అడిగితే ఇవ్వకండి. హలో? లైన్ పోయింది.

యాంకర్: మరో కాలర్.

కాలర్ (విజయవాడ, వన్‌టౌన్): సార్, మా డొమైన్ అయిపోతోంది, వెంటనే కట్టండని మెయిల్ వచ్చింది. కంగారులో నిన్న రాత్రి కట్టేశాను. పొద్దున చూస్తే మేము కొన్న కంపెనీ పేరు వేరు.

నిపుణులు: కార్డుతో కట్టారా?

కాలర్: అవునండి. ఓటీపీ కూడా కొట్టాను.

నిపుణులు: ఫోన్ పెట్టేసి 1930కి చేయండి. తర్వాత బ్యాంకుకి చేసి కార్డు ఆపించండి. మిగతాది తర్వాత. గంటలు గడిచేకొద్దీ డబ్బు దొరకదు. పెట్టేయండి సార్, ఫోన్ పెట్టేయండి.

యాంకర్: 1930, సైబర్ మోసాల హెల్ప్‌లైన్. తర్వాత?

కాలర్ (గుంటూరు): నమస్తే సార్. మేం కారం, పచ్చళ్లు చేసి అమ్ముతాం. మిర్చియార్డుకి దగ్గర్లోనే. ఒక కంపెనీవాళ్లు ఫోన్ చేసి, గుంటూరు కారం అని ఎవరు కొట్టినా గూగుల్‌లో మొదట మీరే వస్తారు, గ్యారంటీ, నెలకి పదిహేను వేలు, ఆరు నెలలది ఒకేసారి కట్టాలి అంటున్నారు.

నిపుణులు: కట్టకండి.

కాలర్: గ్యారంటీ రాసిస్తామంటున్నారండి.

నిపుణులు: సార్, మొదటి స్థానం గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది. ఇక వీళ్లెవరండీ రాసివ్వడానికి? గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకున్నారా? మ్యాప్‌లో కనపడేది.

కాలర్: లేదండి.

నిపుణులు: అది ఉచితం. ముందు అది పెట్టుకోండి, దాన్ని కూడా మీ మెయిల్ మీదే పెట్టుకోండి. పచ్చడి జాడీ ఫొటో, ధర, ఎన్ని రోజులు నిలవుంటుంది, పార్శిల్ ఎక్కడెక్కడికి పంపుతారు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార లైసెన్సు నంబరు, ఇవన్నీ సైట్లో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. కొనేవాళ్లు వెతికేది అదే. ఆరు నెలల డబ్బు ఒకేసారి ఎవరికీ ఇవ్వకండి.

యాంకర్: థాంక్యూ. హలో, చెప్పండమ్మా.

కాలర్ (విజయవాడ, సత్యనారాయణపురం): సార్, నేను అవతలి వైపు నుంచి మాట్లాడుతున్నా. వెబ్‌సైట్లు చేస్తానండి, ఇంట్లో నుంచే. మీరు డొమైన్ వాళ్ల పేరు మీదే అంటున్నారు. సైట్ పూర్తయ్యాక సగం డబ్బు ఎగ్గొడుతున్నారు సార్. మ్యాటర్ ఇవ్వరు, ఫొటోలు ఇవ్వరు. దీపావళికి సైట్ రెడీగా ఉండాలంటారు, సంక్రాంతికి వచ్చి రంగు మార్చమంటారు. డొమైన్ నా దగ్గర ఉంటేనే కదా డబ్బిచ్చేది?

నిపుణులు: నువ్వు చెప్పే బాధ నిజమేనమ్మా. రోజూ వింటున్నాను. అయినా డొమైన్ మాత్రం పట్టుకోకు. అది వాళ్ల పేరు, నీది కాదు. రేపు నువ్వు ఊళ్లో లేనప్పుడు రెన్యువల్ తప్పితే పోయేది వాళ్ల వ్యాపారం. నీ చేతిలో ఇంకోటుంది. కాపీరైట్.

కాలర్: అంటే?

నిపుణులు: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటి మనిషి చేసిన డిజైన్, రాసిన కోడ్, చేసినవాళ్లదే. డబ్బిచ్చినంత మాత్రాన యజమానికి రాదు. రాసి, సంతకం పెట్టి ఇస్తేనే బదిలీ అవుతుంది. ఉద్యోగి జీతం మీద చేసింది మాత్రం సంస్థదే. నువ్వు ఉద్యోగివి కాదు. కాబట్టి ఒప్పందంలో రాయి, చివరి వాయిదా అందిన రోజున ఈ హక్కులన్నీ యజమానికి బదిలీ అవుతాయని. అప్పటిదాకా సైట్‌ని నీ టెస్ట్ లింక్‌లో చూపించు, వాళ్ల డొమైన్ మీద పెట్టకు.

కాలర్: ఇది నాకు తెలియదు సార్.

నిపుణులు: యజమానులు కూడా వినాలి ఇది. బదిలీ కాగితంలో ఎంతకాలమో రాయకపోతే చట్టం 5 ఏళ్లే అనుకుంటుంది. ఏ దేశాలకో రాయకపోతే ఇండియా వరకే. శాశ్వతంగా, అన్ని దేశాలకూ అని రాయించుకోండి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకి మాత్రం వేరే ఒప్పందం లేకపోతే హక్కు డబ్బిచ్చినవాళ్లదే. ఇక నీకు, అమ్మా, డబ్బు మూడు వాయిదాలుగా తీసుకో. మొదలుపెట్టేటప్పుడు కొంత, డిజైన్ ఒప్పుకున్నాక కొంత, లైవ్ చేసేముందు మిగతాది. మ్యాటర్ ఇన్ని రోజుల్లో ఇవ్వకపోతే పని ఆగుతుందని, రెండుసార్ల మించి మార్పులకి విడిగా ఛార్జీ అని ముందే రాసెయ్. మొహమాటపడకు. రాసుకుంటే ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

కాలర్: జీఎస్టీ వేయాలా సార్?

నిపుణులు: నువ్వొక్కదానివే చేసుకుంటున్నావు, ఏడాదికి మొత్తం 20 లక్షలు దాటకపోతే మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా జీఎస్టీ వసూలు చేయకూడదు. ఇప్పుడు వింటున్న వ్యాపారస్తులూ, బిల్లు మీద 18 శాతం వేస్తే జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి.

యాంకర్: సార్, ఒక్క కాల్‌కే టైం ఉంది. చెప్పండి.

కాలర్ (విజయవాడ, సింగ్‌నగర్): మాది ప్రింటింగ్ ప్రెస్ అండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి కంప్యూటర్, పాస్‌వర్డ్‌లు రాసుకున్న పుస్తకం అన్నీ పోయాయి. సైట్ ఇప్పటికీ నడుస్తోంది కానీ అందులో పాత ఫోన్ నంబరే ఉంది. చేసినాయన ఎక్కడున్నారో తెలియదు.

నిపుణులు: నడుస్తోందంటే ఎవరో కడుతున్నారు. మీ బ్యాంకు స్టేట్‌మెంట్లో చూడండి, ఏడాదికోసారి ఏ కంపెనీకి పోతోందో. మీ ఖాతా నుంచే పోతుంటే డొమైన్ మీ అకౌంట్‌లోనే ఉండొచ్చు. ఏ మెయిల్ వాడారో గుర్తుందా?

కాలర్: జీమెయిలే అండి. ఫోన్లో ఉంది.

నిపుణులు: అయితే దాంట్లో రెన్యువల్ అని వెతకండి. ఆ కంపెనీ పేజీకి వెళ్లి ఫర్గాట్ పాస్‌వర్డ్ నొక్కితే లింక్ అదే మెయిల్‌కి వస్తుంది. హోస్టింగ్ పాస్‌వర్డ్ కూడా అలాగే. లోపలికి వెళ్లగానే కొత్త ఫోన్ నంబరు పెట్టి, సైట్ మొత్తం బ్యాకప్ దించుకోండి. ఒక కాపీ ప్రెస్‌లో కాకుండా వేరే ఇంట్లో ఉంచండి, పాస్‌వర్డ్‌ల కాగితం కూడా. మెయిల్‌లో ఏమీ దొరకకపోతే ఐకాన్ లుకప్‌లో కంపెనీ ఏదో చూసి, మీ బిల్లులు, జీఎస్టీ సర్టిఫికెట్ పట్టుకుని వాళ్ల సపోర్ట్‌కి రాయండి.

కాలర్: ఇప్పుడే చూస్తానండి.

యాంకర్: సమయం అయిపోయింది. సార్, ధన్యవాదాలు. లైన్లో ఉండిపోయినవాళ్లు దయచేసి ఏమీ అనుకోవద్దు. నమస్కారం.