ఒక ప్యాచ్, ఒక కారణం: గిట్‌లో ప్యాకేజీలు చూసుకోవడం

హోస్ట్: నమస్కారం. ఇవాళ్టి అతిథి చాలా ఏళ్లుగా డెబియన్ ప్యాకేజీలు, అంటే డెబియన్ లినక్స్‌లో ఇన్‌స్టాల్ చేసుకునేలా కట్టిన సాఫ్ట్‌వేర్, చూసుకుంటున్నారు. సూటిగా అడిగేస్తానండీ. కోడ్ రాసేది వేరేవాళ్లు కదా, ప్యాకేజీ చేసేవాళ్లకు గిట్ హిస్టరీ మీద, అంటే కోడ్‌లో మార్పులను గిట్ దాచిపెట్టే చరిత్ర మీద, అంత పట్టింపు ఎందుకు?

అతిథి: కోడ్ మనది కాదు కాబట్టేనండీ. అప్‌స్ట్రీమ్ వాళ్లు, అంటే అసలు కోడ్ రాసేవాళ్లు, రాసిందేది, మనం మార్చిందేది అన్నది కలగాపులగం అయిపోతే కొత్త వెర్షన్ వచ్చిన రోజు చుక్కలు కనిపిస్తాయి. ఒకసారి ఒక లైబ్రరీ నా చేతికొచ్చింది. పాత మార్పులన్నీ ఒకే ప్యాచ్‌లో, అంటే ఒకే మార్పుల ఫైలులో, కుక్కేశారు. గిట్‌లో మార్పును నమోదు చేస్తూ రాసే కమిట్ మెసేజ్ చూస్తే "ఫిక్స్‌లు" అని ఒక్క మాట. కొత్త వెర్షన్ మీద పెట్టగానే 11 చోట్ల కాన్‌ఫ్లిక్ట్, అంటే వాళ్ల మార్పూ మన మార్పూ ఒకేచోట ఢీకొన్నాయి. ఏ లైను బగ్ కోసమో, ఏ లైను బిల్డ్ కోసమో తేల్చుకోవడానికే రెండు రాత్రులు పట్టింది.

హోస్ట్: మరి ఇప్పుడు?

అతిథి: గిట్‌లో కోడ్‌ను వేర్వేరు శాఖలుగా, అంటే బ్రాంచ్‌లుగా, పెట్టుకోవచ్చు. అప్‌స్ట్రీమ్ బ్రాంచ్‌లో వాళ్ల కోడ్ తప్ప ఒక్క అక్షరం కూడా పెట్టను. కొత్త టార్‌బాల్, అంటే వాళ్లు విడుదల చేసే కోడ్ కట్ట, వస్తే గిట్‌లో డెబియన్ ప్యాకేజీలు చూసుకునే జీబీపీ (గిట్-బిల్డ్‌ప్యాకేజ్) టూల్‌లోని "జీబీపీ ఇంపోర్ట్-ఆరిగ్" కమాండ్ దాన్ని అక్కడ ఎక్కించి, ట్యాగ్ వేసి, మన బ్రాంచ్‌లోకి కలుపుతుంది.

హోస్ట్: సోర్స్‌లోనే మార్పు చేయాల్సి వస్తే?

అతిథి: అసలు పని అక్కడే. ఆ మార్పులు డెబియన్ ఫోల్డర్‌లో క్విల్ట్ ప్యాచ్‌లుగా, అంటే ఒకదాని మీద ఒకటి వరుసగా వేసే ప్యాచ్ ఫైళ్లుగా, ఉంటాయి. ప్యాచ్ ఫైలును చేత్తో దిద్దితే ఒక్క లైను అటూ ఇటూ అయినా అది ఎక్కకపోవచ్చు. "జీబీపీ పీక్యూ ఇంపోర్ట్" కొడితే ఒక్కో ప్యాచ్ ఒక్కో కమిట్‌గా వేరే బ్రాంచ్‌లో వరుసగా వస్తుంది. అక్కడి నుంచి మామూలు గిట్ పనే. కొత్త వెర్షన్ మీదికి రీబేస్ చేసి, అంటే ఆ కమిట్‌లను దాని మీద మళ్లీ వరుసగా వేసి, ఎక్స్‌పోర్ట్ కొడితే మళ్లీ ప్యాచ్ ఫైళ్లు.

హోస్ట్: రీబేస్ అనగానే చాలామందికి టెన్షన్.

అతిథి: ఉండాల్సిందే. నలుగురూ తీసుకున్న బ్రాంచ్‌ను తిరగరాస్తే అందరి పనీ చెడుతుంది. ఈ ప్యాచ్ బ్రాంచ్ మాత్రం నా మెషిన్ దాటదు, కాబట్టి ఎన్నిసార్లైనా తిరగరాస్తాను. ముందు కమిట్‌లో ఏదైనా మర్చిపోతే "ఫిక్సప్" కమిట్ వేసి, ఆటోస్క్వాష్‌తో అందులోనే కలిపేస్తాను.

హోస్ట్: మంచి కమిట్ మెసేజ్ ఎలా ఉంటుంది?

అతిథి: మొన్న రాసింది చెప్తాను. "టెస్టుల్లో టైమ్‌జోన్‌ను యూటీసీగా పెట్టు. బిల్డ్ మెషిన్ లోకల్ టైమ్ వేరుగా ఉంటే తేదీ పోలిక తప్పుతోంది." కింద, అప్‌స్ట్రీమ్‌కు పంపామా లేదా అన్నది ఒక లైను. ఏం మార్చామో డిఫ్‌లో, అంటే పాత కొత్త లైన్ల తేడాలో, కనిపిస్తుంది, ఎందుకన్నది కనిపించదు కదా. పైగా మన ప్యాకేజీ బ్రాంచ్‌లో వేసే కమిట్ మెసేజ్‌ల మొదటి లైన్లనే "జీబీపీ డీసీహెచ్" ప్యాకేజీ మార్పుల జాబితా అయిన చేంజ్‌లాగ్‌లోకి తెస్తుంది. వాటిని యూజర్లు చదువుతారు.

హోస్ట్: ఇంతకీ ఆ లైబ్రరీ ఏమైంది?

అతిథి: "గిట్ యాడ్ -పి"తో ఆ పెద్ద ప్యాచ్‌ను ముక్కముక్కగా ఎంచి ఏడు కమిట్‌లు చేశాను. మూడు అప్‌స్ట్రీమ్‌లో అప్పటికే సరిచేసేశారు, తీసేశాను. ఇంకో రెండు పంపితే తీసుకున్నారు. ఇప్పుడు మా దగ్గర ఉన్నవి రెండే.