ట్యాంకు స్తంభం మీద తేదీ

అమ్మలకు, అయ్యలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

నల్లగొండ జిల్లాలో మునుగోడు వైపు ఒక చిన్న ఊరికి నేను సర్పంచిని. 2025 డిసెంబరు ఎన్నికల్లో మా ఊరివాళ్లు నన్ను గెలిపించారు. అంతకుముందు దాదాపు రెండేళ్లు మన ఊళ్లకు సర్పంచులు లేరు, ప్రత్యేక అధికారుల పాలనే నడిచింది. అందుకే గెలిచిన తెల్లారి నుంచి మా గడప ముందు జనమే జనం. ఒకరు వీధి దీపం అన్నారు, ఒకరు మోరీ అన్నారు, ఇంకొకరు పింఛను అన్నారు. అన్నీ నిజమే. కానీ నేను మొదట ఎక్కింది మంచినీళ్ల ట్యాంకు.

ఎందుకో చెప్తాను. మా అత్తమ్మ మెడ తిరగదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నడుము నుంచి ఒళ్లంతా వెనక్కి వాల్చితే తప్ప ఒక గుక్క నీళ్లు దిగవు. ఆమె చిన్ననాటి నుంచి తాగింది బావి నీళ్లు, ఆ తర్వాత బోరు నీళ్లు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ అనే లవణమే ఆమె ఎముకల్ని బిగించేసింది, అదే పిల్లల పళ్లకు గార పట్టిస్తుంది. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు. మా దిక్కు బోర్లు చాలావాటిలో అది దాటే ఉంటుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే ఒక పద్ధతి ఉంది. దాని పేరే నల్లగొండ పద్ధతి. మన జిల్లా పేరు అట్లా పుస్తకాలకెక్కింది. వంగిన ఎముకను మళ్లీ నిలబెట్టే మందు మాత్రం లేదు. రాకుండా చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది.

కృష్ణా నీళ్లు వచ్చాక మా ఊరి పిల్లల పళ్లు తెల్లగా మొలుస్తున్నాయి. నా కళ్లతో చూస్తున్నాను. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను, అంటే దాని గుర్తు స్తంభాన్ని, 2015లో మన చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. కానీ నీళ్లు ఊరి ట్యాంకు దాకా రావడం ఒక పని, ట్యాంకు నుంచి ఇంటి నల్లాకు మంచిగా చేరడం ఇంకో పని. ఆ రెండోది పంచాయతీది. అంటే నాది, మీది.

ట్యాంకు మూత తీసి చూస్తే అడుగున జానెడు ఒండ్రు. పైన తూనీగ రెక్కలు తేలుతున్నాయి. నిచ్చెన మీద నా కాళ్లు వణికాయి, భయంతో కాదు. ఆ నీళ్లే మా ఇంట్లోనూ తాగుతున్నాం కదా! ఆ రోజే నీళ్లు వదిలేయించి, ఒండ్రు ఎత్తించి, గోడలు రుద్ది కడిగించి, బ్లీచింగ్ వేయించాం. కడిగిన తేదీని ట్యాంకు స్తంభం మీద ఎర్ర రంగుతో రాయించాను, దారిన పోయేవాళ్లందరికీ కనపడేలాగ. పదిహేను రోజులు దాటినా అక్కడ పాత తేదీయే కనిపిస్తే నన్ను పట్టుకుని అడగండి.

దానికంటే పెద్ద సంగతి వాటర్‌మన్ తమ్ముడు చెప్పాడు. "భగీరథ నీళ్లు రాని దినం బోరు నీళ్లే ట్యాంకుకెక్కిస్తం అక్కా. లేకుంటే నల్లా వస్తలేదని అందరు తిడుతరు." అతన్ని ఏమనగలను? తిట్లకు భయపడి చేశాడు. కానీ ఒక్క దినం కలిపినా, తాగేవాళ్లకు ఏ నీళ్లో తెలియదు. కొందరు అక్కలు కాగబెట్టి తాగుతున్నామని ధైర్యంగా ఉన్నారు. కాగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

అందుకని మా పంచాయతీలో తీర్మానం చేసుకున్నాం. ఇకమీదట బోరు నీళ్లు మంచినీళ్ల ట్యాంకుకు ఎక్కవు. అవి వాడకానికి, పశువులకు వేరే తొట్టిలోకి పోతాయి. భగీరథ నీళ్లు ఆగితే ఆ పొద్దున్నే డప్పు చాటింపు వేయిస్తాం, మీరు ముందురోజు పట్టిన నీళ్లు జాగ్రత్తగా వాడుకోవచ్చు. రెండు దినాలు నల్లా రాకపోతే మీకు కోపం వస్తుంది. రానివ్వండి, నన్నే అనండి. వాటర్‌మన్‌ను మాత్రం అనకండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2026 మార్చి దాకా నడిచిన 15వ కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్లో నూటికి 60 రూపాయలు నీళ్లకు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నారు, వేరే పనికి మళ్లించే వీలు లేకుండె. చెక్కు మీద సర్పంచి, ఉపసర్పంచి ఇద్దరమూ సంతకం పెట్టాలి. ప్రతి బిల్లూ పంచాయతీ గోడకు అంటిస్తున్నాం. చదువురాని వాళ్లుంటే మా వార్డు మెంబర్లు చదివి వినిపిస్తారు. ఇంటి పన్ను కట్టండి, వాల్వు పాడైతే కొత్తది తేవడానికి చేతిలో పైసలుండాలి.

వీధి దీపాల పని నడుస్తోంది. చెత్త ట్రాక్టరు పొద్దున్నే వస్తోంది, తడి పొడి వేరు చేసి ఇవ్వండి.

2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టమంది. మా ఊళ్లో ఇన్నాళ్లూ సభంటే రిజిస్టరులో పది సంతకాలు, కుర్చీల్లో నలుగురు మగవాళ్లు. ఈసారి రచ్చబండ దగ్గరే, కూలి పనులకు పోకముందు, పొద్దున్న ఏడింటికి పెడుతున్నాం. అక్కలు, అమ్మలు, అత్తలు రావాలి. బిందె ఎత్తేది మీరే కాబట్టి నీళ్ల సంగతి మీకు తెలిసినంత మాకెవరికీ తెలియదు.

వచ్చేటప్పుడు మీ ఇంటి నల్లా నీళ్లు ఒక సీసాలో పట్టుకుని రండి. పరీక్ష కిట్టు తెప్పించాం. అందరి ముందే చుక్క మందు వేస్తాం. క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు రంగు తిరుగుతాయి. ఫ్లోరైడ్ ఎంతుందో రంగుల కార్డుతో పోల్చి చూద్దాం. మా ఇంటి సీసాతోనే మొదలుపెడదాం, మా అత్తమ్మే తెస్తానంది.

నమస్కారం.