విరగదన్నిన పఠాభి

శ్రోతలకు నమస్కారం.

ఎదుటివాడిని కొట్టడానికి వాడి చేతికర్రనే అడిగి తీసుకున్న మనిషిని ఎప్పుడైనా చూశారా? మన తెలుగు కవిత్వంలో ఒకాయన ఉన్నారు. కలం పేరు పఠాభి. అసలు పేరు తిక్కవరపు పట్టాభిరామరెడ్డి, 1919లో నెల్లూరులో పుట్టారు. ఇరవై ఏళ్ల వయసులో, 1939లో, 'ఫిడేలు రాగాల డజన్' అనే పుస్తకం వేశారు. ఆ పేరు చూడండి, ఫిడేలుకీ డజనుకీ మధ్య పాపం రాగాలు ఇరుక్కున్నాయి! ముందుమాట శ్రీశ్రీది. ఆ శ్రీశ్రీ 'మహాప్రస్థానం' పుస్తకంగా రావడానికి ఇంకో పదకొండేళ్లు పట్టింది.

అప్పట్లో భావకవిత్వం జోరు. వెన్నెల, విరహం, కంటికి కనబడని ప్రేయసి. ఈ కుర్రాడేమో తాను భావకవిని కాదు, అహంభావకవిని అన్నారు. తన వచన పద్యాలే దుడ్డుకర్రలట. వాటితో పద్యాల నడుములు 'విరగదంతాను' అన్నారు, చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని దండిస్తానన్నారు.

ఆ 'విరగదంతాను' అన్న మాటని ఒకసారి పైకి అనండి. మనమైతే 'విరగ్గొడతాను' అంటాం, లేదా 'విరగ తంతాను' అంటాం. పఠాభి తకారాన్ని దకారం చేశారు. 'విరగన్' చివర ఉన్న నకారం వల్ల వచ్చిన సరళాదేశం అది, సాక్షాత్తూ బాలవ్యాకరణం చెప్పే సంధి! సూరిగారిని కొట్టడానికి సూరిగారి కర్రే. తెలియక చేశారంటే నేను నమ్మను. తెలియనివాడు వ్యాకరణాన్ని తప్పుతాడు గానీ, దాంతో ఆడుకోలేడు.

అన్నీ గొప్ప పద్యాలని చెప్పను. కొన్నిచోట్ల చమత్కారం తప్ప ఏమీ మిగలదు. పంచాంగాన్ని కూడా ఇంగ్లీషు 'పన్' (అంటే శ్లేష) కలిపి 'పన్‌చాంగం' చేసిన మనిషి మరి.

తర్వాత సినిమాల్లోకి వెళ్లారు. 1970లో అనంతమూర్తి నవల మీద కన్నడంలో 'సంస్కార' తీశారు. సెన్సారు వాళ్లు మొదట ఆపేశారు, చివరికి ఆ ఏడు జాతీయ ఉత్తమ చిత్రం అదే అయింది. అందులో చంద్రి వేషం వేసింది ఆయన భార్య స్నేహలత.

వ్యాకరణాన్ని దండిస్తానన్న మనిషి ఇంటికి ఎమర్జెన్సీలో నిజం దండనే వచ్చింది. 1976లో స్నేహలతను అరెస్టు చేశారు. ఆమెకు ఉబ్బసం. బెంగళూరు జైల్లో ఎనిమిది నెలలు ఉంచి, 1977 జనవరిలో వదిలారు. ఇంటికొచ్చిన ఐదు రోజులకే ఆమె పోయారు. పఠాభి ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్లు బతికారు.