ఏది పారేద్దాం అని కాదు, ఏది తీసుకెళ్దాం అని అడగండి

హోస్ట్: ఇల్లు మారడం అనగానే మనకు సామాను గుర్తొస్తుంది. మారేది డెబ్బై ఐదేళ్ల అమ్మో నాన్నో, అదీ పెద్ద ఇంటి నుంచి చిన్న ఇంటికి అయితే లెక్క వేరు. ఇలా మారే పెద్దవాళ్లకు దగ్గరుండి సాయం చేసేవారు ఇవాళ మనతో ఉన్నారు. నమస్కారమండీ. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

అతిథి: నమస్కారం. పిల్లలు మామూలుగా అటక ఎక్కి, "అమ్మా, ఇది పారేద్దామా?" అని మొదలుపెడతారు. గొడవ అక్కడే. అదే మాట పదే పదే అడుగుతుంటే, తన సంసారమంతా చెత్త అంటున్నట్టు ఉంటుంది ఆవిడకు. అందుకే ప్రశ్న తిప్పి అడగమంటాను. "కొత్త ఇంట్లో ఈ గోడకు ఒక్క బీరువానే పడుతుంది, ఏది తీసుకెళ్దాం?" అనండి. ఎంచుకునేది ఆవిడ. మిగిలినవాటి సంగతి తర్వాత.

హోస్ట్: అంటే కొత్త ఇంటి కొలతలు ముందే తెలియాలి.

అతిథి: టేపు పట్టుకెళ్లాల్సిందే. గదులొక్కటే కాదు, తలుపులు, మెట్ల మలుపు, లిఫ్టు కూడా కొలవాలి. వీల్‌చైర్ వాడేవాళ్లుంటే, తలుపు తెరిచాక కనీసం 32 అంగుళాల దారి ఉండాలి. తర్వాత గళ్ల కాగితం మీద గది గీయండి. మంచం, కుర్చీలు అదే లెక్కలో అట్టముక్కలుగా కత్తిరించి వాళ్ల చేతికివ్వండి. అటూ ఇటూ జరిపి వాళ్లే తేల్చేస్తారు. మనం చెబితే వాదిస్తారు, అట్టముక్కతో ఏం వాదిస్తారు? (నవ్వు)

హోస్ట్: మరి ఫొటోలు, ఉత్తరాలు?

అతిథి: అన్నిటికంటే చివర. ఆల్బమ్ తెరిస్తే ఆ పూట పని ఆగిపోయినట్టే. ముందు గడువు దాటిన మందులు, పాత వైర్లు, విరిగిన బకెట్లు... వీటి దగ్గర మనసు పెద్దగా అడ్డం రాదు. రోజుకు రెండు గంటలు చాలు, అదీ ఉదయం పూట. సాయంత్రానికి ఏదీ తేల్చుకునే ఓపిక ఉండదు. ఇక ఫొటోలు చూసేటప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పెట్టండి. ఆ మూల నిలబడ్డది ఎవరో చెప్పగలిగేది చాలా ఇళ్లలో ఒక్కరే. ఇంకొకటి, ఏ పుస్తకాన్నీ దులపకుండా, ఏ బట్టనీ మడత విప్పకుండా ఇచ్చేయకండి. డబ్బులు, డిపాజిట్ కాగితాలు అక్కడే ఉంటాయి.

హోస్ట్: నా కాలేజీ పుస్తకాలు ఇప్పటికీ అమ్మావాళ్లింట్లోనే ఉన్నాయి.

అతిథి: చూశారా! పెద్దవాళ్లు ఏదీ వదలరని మనమే అంటాం. ముందు మన సామాను మనం తెచ్చుకుంటే సగం అటక ఖాళీ.

హోస్ట్: ససేమిరా కదలనంటే?

అతిథి: దాన్ని మొండితనం అనుకోవద్దు. చోటు మారడం వల్ల వచ్చే ఈ ఒత్తిడికి నర్సింగ్‌లో రీలొకేషన్ స్ట్రెస్ సిండ్రోమ్ అని పేరే ఉంది. 1992లోనే దాన్ని నర్సింగ్ నిర్ధారణల జాబితాలో చేర్చారు. నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, కంగారు, కోపం. తమను అడక్కుండా అంతా ఖాయం చేశారనిపిస్తే అది ఇంకా పెరుగుతుంది. తేదీ వాళ్లనే చెప్పనివ్వండి. పాత వస్తువు ఎవరికి ఇవ్వాలో కూడా వాళ్లే చెప్పాలి.

హోస్ట్: మారే రోజు సంగతి చెప్పండి.

అతిథి: మందులు, కళ్లజోడు, వినికిడి మెషిన్, ఛార్జర్, ముఖ్యమైన కాగితాలు చేతిసంచిలోనే ఉండాలి, లారీలో కాదు. పాత పడకగదిని ముందే ఫొటో తీసుకుని, చీకటి పడేలోపు కొత్త గదిని అలాగే సర్దండి. మంచం ఏ వైపు దిగడం అలవాటో ఆ వైపే ఖాళీ ఉంచాలి. బాత్రూమ్ దారిలో రాత్రంతా చిన్న లైటు వెలగాలి, కాలికి తగిలే చాపలు, వైర్లు ఉండకూడదు. వంటగది డబ్బాలు నాలుగు రోజులు ఆగినా పర్వాలేదు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లయితే, సామాను ఎక్కించే ఆ గలాటా అంతా చూడనివ్వకండి. బాగా తెలిసినవాళ్లతో వేరే చోట ఉంచి, గది సిద్ధమయ్యాకే తీసుకురండి.

హోస్ట్: బ్యాంకు, పెన్షన్, బీమాలో చిరునామా మార్పు గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. థాంక్సండీ.