మెమో ఇచ్చే ముందు మందుల ట్రే చూడండి

అందరికీ నమస్కారం. విజయవాడ ఎండలో, అదీ ఆదివారం మధ్యాహ్నం, ఇంతమంది నర్సులు, డాక్టర్లు, ఫార్మసిస్టులు వచ్చారు. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్ళకు కునుకు పట్టినా నేనేమీ అనుకోను.

ఆసుపత్రిలో ఒక మందు బదులు ఇంకోటి పడితే ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. సిస్టర్‌కు మెమో వస్తుంది. ‘సిబ్బంది జాగ్రత్తగా వ్యవహరించవలెను’ అని నోటీసు బోర్డుకు ఒక సర్క్యులర్ అంటిస్తారు. ఒకేలా ఉండే ఆంప్యూల్స్, అంటే ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు సీసాలు, మాత్రం అదే ట్రేలో పక్కపక్కనే ఉంటాయి. కొన్నాళ్ళకు ఇంకో సిస్టర్ చెయ్యి అక్కడే తడబడుతుంది. హ్యూమన్ ఫ్యాక్టర్స్ నిపుణులు, అంటే మనిషి పొరపడకుండా పరికరాలూ పని తీరూ ఎలా ఉండాలో చూసేవాళ్ళు, ముందు ఆ ట్రేని చూస్తారు, మనిషి సంగతి తర్వాత.

ఈ పద్ధతి విమానాల దగ్గర బలపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్లు క్షేమంగా దిగాక కూడా పొట్ట మీద కూలబడేవి. పైలట్లు రెక్కలకుండే ఫ్లాపులు లోపలికి తీయబోయి చక్రాలు తీసేసేవారు. ఆల్ఫోన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు చూస్తే రెండు స్విచ్చులూ పక్కపక్కన, ఒకే ఆకారంలో ఉన్నాయి. ఆయన పైలట్లకు క్లాసు పీకలేదు. చక్రాల స్విచ్చుకు చిన్న రబ్బరు చక్రం తగిలించాడు.

ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసేవాళ్ళు ఇలాంటిదాన్నే రోజూ వాడుతున్నారు. అనస్థీషియా మెషిన్‌కు చిన్న సిలిండర్ బిగించే చోట రెండు పిన్నులుంటాయి. ఆక్సిజన్‌కు 2, 5 స్థానాల్లో, మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్‌కు 3, 5 స్థానాల్లో. సిలిండర్‌కు రంధ్రాలు కూడా సరిగ్గా ఆ స్థానాల్లోనే ఉంటాయి. అర్ధరాత్రి నిద్రమత్తులో ఒకదాని చోట ఇంకోటి పెట్టబోయినా అది కూర్చోదు. పిన్ను విరిగిన మెషిన్‌తో ఎవరైనా నెట్టుకొస్తుంటే మాత్రం, టీ తాగడానికి ముందే మెషిన్లు బాగుచేసే బయోమెడికల్ వాళ్ళకు ఫోన్ చేయండి.

వార్డులో మనకు అలాంటి పిన్నుల్లేవు. మందులు పేషెంటు తాలూకు వాళ్ళు కింద మెడికల్ షాపులో కొనుక్కొస్తారు. నాలుగు మాత్రలు చాలంటే షాపతను కత్తెరతో స్ట్రిప్పు కత్తిరించి ఇస్తాడు. పేరు సగం అటు, ఎక్స్‌పైరీ తేదీ పూర్తిగా అటు. నిన్నటి బ్రాండ్ ఇవాళ ఉండదు. దానికితోడు ఏ వార్డు చూసినా ఇద్దరు వెంకటేశ్వరరావులు తగులుతారు, అందుకని ‘ఏడో బెడ్’ అని పిలవడం అలవాటైంది. మధ్యాహ్నం ఆయన్ని పదో బెడ్‌కు మారిస్తే, ఏడుకు రాసిన ఇంజెక్షన్ ఎవరికి పడుతుంది? సిస్టర్ మందు లోడ్ చేస్తుంటే పక్కనుంచి “సిస్టరమ్మా, మా నాన్న సెలైన్ అయిపోయింది” అని ఒకరు, “డాక్టరుగారు ఎప్పుడొస్తారు?” అని ఇంకొకరు. అంత హడావుడిలో జాగ్రత్త ఎంతసేపు నిలుస్తుంది చెప్పండి?

చేతికి పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు ఉన్న బ్యాండ్ వేసి, ప్రతిసారీ రెండూ సరిచూడాలి. పొరపాటున నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోయే గాఢ పొటాషియం క్లోరైడ్‌ను మామూలు వార్డు అల్మరాలోంచి తీసేయాలి. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల సర్జరీ చెక్‌లిస్టు ఇచ్చింది. ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో పెట్టి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. మన దగ్గర దాన్ని ఆపరేషన్ అయ్యాక, కేసు షీటుతోపాటు టిక్కులు కొట్టి పెట్టేవాళ్ళున్నారు. నవ్వుతున్నారంటే తెలిసినట్టే! నా దృష్టిలో అందులో అన్నిటికన్నా విలువైనది, కోత పెట్టకముందే టీమ్‌లో ప్రతి ఒక్కరూ తమ పేరు, చేసే పని చెప్పడం. ఒకసారి నోరు విప్పిన కొత్త సిస్టర్‌కు ఆ తర్వాత “సార్, ఒక్క నిమిషం, ఇది ఎడమ కాలు కదా” అనడానికి జంకు తగ్గుతుంది. పెద్ద డాక్టరుగారి ముందు ఎవరూ మాట్లాడలేని థియేటర్ కూడా ఒకేలా ఉన్న స్విచ్చులంత ప్రమాదమే.

రేపు డ్యూటీలో ఇన్‌ఛార్జి సిస్టర్లు ఒక అరగంట మందుల ట్రాలీ పక్కన ఊరికే నిలబడండి. పని ఎన్నిసార్లు ఆగిందో, ఎవరు ఆపారో రాసుకోండి. ఆ కాగితంతోనే మీ సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళండి. ఇక ప్రశ్నలు అడగండి. సాయంత్రం డ్యూటీ ఉన్నవాళ్ళు ముందు.