నీవును నీ యింటివారును

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ క్రైస్తవుల ఇళ్లలో గోడమీద తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది. "ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము, అప్పుడు నీవును నీ యింటివారును రక్షణ పొందుదురు." అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం, 31వ వచనం. అయితే ఇంటిపెద్ద ఒక్కడు నమ్మితే ఇంటిల్లిపాదీ గట్టెక్కుతారా? లేక ఎవరి రక్షణ వారిదేనా? గోడమీద అచ్చువేసిన ఆ ఒక్క వచనంతో ఇది తేలదు. కింద ఉన్న మరో మూడు వచనాలు చదవాలి.

ఇది ఫిలిప్పీ పట్టణపు చెరసాలలో జరిగింది. అపొస్తలుడైన పౌలు, అతని తోటివాడు సీల దెబ్బలు తిని అక్కడ ఖైదులో ఉన్నారు. అర్ధరాత్రి భూకంపం వచ్చి తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల నాయకుడు కత్తి దూసి ప్రాణం తీసుకోబోతే పౌలు కేకవేసి ఆపాడు. అప్పుడతను "రక్షణ పొందుటకు నేనేమి చేయవలెను" అని అడిగాడు. అడిగింది తన ఒక్కడి కోసమే, జవాబులో మాత్రం ఇల్లంతా వచ్చింది. ఇక 32వ వచనం చూడండి: పౌలు, సీల అతనికీ, అతని ఇంట ఉన్నవారందరికీ వాక్యం బోధించారు. 33లో అతను వాళ్ల గాయాలు కడిగాడు, ఆ రాత్రే అతనూ ఇంటివారూ బాప్తిస్మం పొందారు. 34లో వాళ్లకు భోజనం పెట్టి, ఇంటివారందరితో కూడా దేవుని నమ్మి ఆనందించాడు. కబురు ఇంట్లో ప్రతి ఒక్కరి చెవినా పడింది, ఆ తర్వాతే నీళ్లు. రేషన్ కార్డులో కుటుంబ పెద్ద పేరు కింద మిగతా పేర్లన్నీ ఎక్కినట్టు రక్షణ ఎక్కదు.

ఆ ఇంట్లో పసిపిల్లలు ఉన్నారా లేదా అన్నది వాక్యం చెప్పలేదు. సంఘాలు విడిపోయేది సరిగ్గా ఇక్కడే. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం, అమెరికా మిషనరీల ఆర్కాటు మిషన్ పనిచేసిన మదనపల్లె వైపు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలు, కతోలికులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున తలమీద మూడుసార్లు నీళ్లు పోస్తారు. బిడ్డ తరఫున తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు మాట ఇస్తారు. లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాల్లో ఆ బిడ్డ ఎదిగాక పాఠాలు నేర్చుకుని, కన్ఫర్మేషన్ రోజున సంఘం ముందు ఆ మాటను తన నోటితో చెప్పాలి. బాప్టిస్టులు, బ్రదరెన్, పెంతెకొస్తు వారు మాత్రం నమ్మానని స్వయంగా చెప్పగలిగినవారికే, నీళ్లలో పూర్తిగా ముంచి ఇస్తారు.

రెండు పద్ధతుల్లోనూ చెడేచోటు ఉంది. మొదటిదాంట్లో బిడ్డకు తెల్లబట్టలు, విందు, ఫోటోలు అయిపోతాయి, ఇచ్చిన మాట మరుగునపడుతుంది. లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథరు 1529లో విశ్వాస పాఠాల చిన్న ప్రశ్నోత్తరి రాసినప్పుడు దాదాపు ప్రతి భాగం పైనా ఇంటి యజమాని తన ఇంటివారికి దీన్ని సులువుగా ఎలా నేర్పాలో అనే శీర్షిక పెట్టాడు. ఆ నేర్పడం ఆగితే కన్ఫర్మేషన్ బట్టీపాఠమే అవుతుంది. రెండోదాంట్లో "నేను ఫలానా తేదీన రక్షణ పొందాను" అని సాక్ష్యం చెప్పేసి, ఇక సంఘంతో పనిలేదనుకుంటారు. నా దృష్టిలో ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నది ఈ రెండో జబ్బే. ఫోన్‌లో ప్రసంగం వింటే చాలనుకునేవారు 1 కొరింథీయులకు 11వ అధ్యాయం చదవాలి. అక్కడ కొరింథు సంఘం ప్రభువు భోజనానికి కూడినప్పుడు కొందరు ముందే తినేసి మత్తుగా ఉంటే, లేనివాళ్లు ఆకలితో మిగిలారు. మీరు తినేది ప్రభువు భోజనమే కాదని పౌలు వాళ్లను గట్టిగా మందలించి, ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకుని ఉండమన్నాడు.

ఒకడిది ఇల్లంతటికీ తగలడం, ఎవరిది వారికే చెందడం, పాత నిబంధనలోనూ ఈ రెండూ ఉన్నాయి. ఇశ్రాయేలీయుల్లో ఆకాను ఒక్కడు దొంగిలిస్తే హాయి అనే పట్టణం దగ్గర యుద్ధంలో 36 మంది చనిపోయారు, యెహోషువ 7. యెహెజ్కేలు 18 మాత్రం తండ్రి దోషశిక్ష కుమారుడు మోయడంటుంది. పాపపు దెబ్బ పక్కవాడికీ తగులుతుంది, లెక్క మాత్రం ఎవరిది వారే అప్పజెప్పాలి.

మన తెలుగునాట ఇది పుస్తకంలోని చర్చగా మిగల్లేదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగలు, ఊళ్లకు ఊళ్లుగా కదిలి వచ్చారు. ఒంటరిగా వచ్చినవాడికి అండ ఉండదు, పని పోతుంది, బంధువులు దూరమవుతారు. అందుకే కలిసి వచ్చారు. బియ్యం కోసమే వచ్చారన్న మాట పడకూడదని, అంతకు ముందటి కరువు నెలల్లో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి మాత్రం ఇప్పించాడు. బోధకులు ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, అలసిపోతే మరో ఇద్దరికి చోటిచ్చారు. గుంపుగా ఏటి ఒడ్డుకు వచ్చిన జనం నీళ్లలోకి ఒక్కొక్కరుగానే దిగారు.

ఇక్కడ మన తిరుపతి శ్రోతలకు రామానుజులవారు గుర్తుకు రాకమానరు. తిరుక్కోష్టియూరులో గురువు రహస్యంగా ఇచ్చిన మంత్రాన్ని, తాను నరకానికి పోయినా ఫరవాలేదు అందరూ తరిస్తే చాలని, గోపురమెక్కి చెప్పారని సంప్రదాయం. సిద్ధాంతాలు వేరు, నేను కలపడం లేదు. కానీ రోమీయులకు 9వ అధ్యాయం 3వ వచనంలో పౌలు తన జనం కోసం తానే క్రీస్తుకు దూరమై శాపగ్రస్తుడైనా సరేనంటాడు. ఒంటరి రక్షణతో తృప్తిపడిన మనిషి అలా రాయలేడు.

చివరిగా, ఇంట్లో భార్య నమ్మి భర్త నమ్మనిచోట ఏం చేయాలి? అతను కాపురం చేయడానికి ఇష్టపడితే విడిచిపెట్టవద్దని 1 కొరింథీయులకు 7వ అధ్యాయం స్పష్టంగా చెబుతుంది. భర్తను రక్షిస్తావో లేదో నీకేం తెలుసు అని కూడా అక్కడే అడుగుతుంది, పూచీ మాత్రం ఇవ్వదు. అలాంటి భర్తను ఆదివారం బలవంతాన గుడికి లాక్కెళ్లమని పౌలూ చెప్పలేదు, పేతురూ చెప్పలేదు. భార్య నడవడి చూసి, వాక్యం లేకుండానే అతను రాబట్టబడవచ్చని పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం అంటుంది.

సెలవు, నమస్కారం.