రెండు జట్ల వెంట ఒక ఏడాది

శ్రోతలకు నమస్కారం.

ఉన్నత పాఠశాలల వాలీబాల్, బాస్కెట్‌బాల్ జట్లకు ఆటల కాలం ఎన్నాళ్లు ఉంటుందని అడిగితే, కాగితం మీద ఆగస్టు నుంచి జనవరి దాకా అనే జవాబు వస్తుంది. మండల స్థాయిలో మొదలై, జిల్లా, రాష్ట్ర స్థాయులు దాటి, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నిర్వహించే జాతీయ పోటీల వరకు, పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిది ఏళ్లలోపు విభాగాలుగా ఆ పోటీలు సాగుతాయి. అయితే శ్రీకాకుళం జిల్లాలో ఒక మామూలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల జట్టుకు ఆ కాలం చాలాసార్లు ఒక్క పూటతో అయిపోతుంది. పిల్లలు పొద్దున్నే ఆటోల్లో బయలుదేరి, ఒక మ్యాచ్ ఆడి, ఓడిపోయి, మధ్యాహ్న భోజనం వేళకు బడికి వచ్చేస్తారు. నేను లెక్కలు చెప్పినవాణ్ని, వ్యాయామోపాధ్యాయుణ్ని (పీఈటీని) కాను. టెక్కలి ప్రాంతంలో పనిచేస్తున్నప్పుడు, అబ్బాయిలవీ అమ్మాయిలవీ కలిపి నాలుగు జట్లకు పీఈటీ ఒక్కరే ఉండడం వల్ల, 2018లో ఆయనకు సాయంగా సాయంకాలాలు మైదానంలో గడిపాను. నేను చెప్పేదంతా ఆ ఒక్క ఏడాదిలో చూసినదే.

ఈ రెండు ఆటలూ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, దగ్గర దగ్గర ఊళ్లలో, వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘం వ్యాయామశాలల్లో పుట్టాయి. 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడించడానికి పీచ్ పండ్ల బుట్టలు కట్టి బాస్కెట్‌బాల్ మొదలుపెడితే, ఆ ఆట శ్రమ ఎక్కువని భావించిన విలియం మోర్గన్ నడివయసు వాళ్ల కోసం 1895లో వాలీబాల్ రూపొందించాడు. మంచు నుంచి తప్పించుకోవడానికి కప్పు కింద పుట్టిన ఆటలను మన పిల్లలు శ్రావణ భాద్రపదాల వానల్లో ఆరుబయట నేర్చుకుంటారు. ఈ తేడాను నేను చమత్కారంగా చెప్పడం లేదు, మా జట్లకు ఏది వచ్చిందో ఏది రాలేదో చాలావరకు ఈ నేలే నిర్ణయించింది.

వాలీబాల్ కోర్టు పద్దెనిమిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు. కాస్త చదునైన నేల, రెండు సరుగుడు కర్రలు, ఒక వల, గీతలకు సున్నం ఉంటే సరిపోతుంది. అందుకే రామకోవెల వెనకో, కళ్లం పక్కనో ఈ ఆట లేని ఊరు మా వైపు అరుదు. బాస్కెట్‌బాల్‌కు ఇరవై ఎనిమిది మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల వెడల్పు, అంటే రెండున్నర రెట్లకు పైగా స్థలం కావాలి, అదీ గట్టి నేల కావాలి. తడిసిన మట్టిలో బంతి లేవదు, బంతి లేవకపోతే, దాన్ని నేలకు కొడుతూ ముందుకు సాగే డ్రిబ్లింగ్ లేదు. మా బడిలో పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని సిమెంటు కోర్టు పోయించారు గాని, డబ్బు సగం కోర్టుకే సరిపోయింది. ఉన్న ఒక్క రింగును ఊళ్లో వెల్డింగు షాపులో చేయించి, 3.05 మీటర్ల ఎత్తున బిగించారు. దానికి వల లేకపోవడం వల్ల బంతి రింగులోంచి పడిందో, పక్కనుంచి జారిందో తేలక, "లోపల్నించే పడింది మేస్టారూ, ఒట్టు" అని ఒకడూ, లేదని ఇంకొకడూ వాదించుకోవడంలో సాయంత్రాలు గడిచిపోయేవి.

ఊరి ఆట వల్ల వాలీబాల్ పిల్లలు సగం నేర్చుకునే బడికి వచ్చేవాళ్లు, కానీ వాళ్లందరికీ వల మీంచి బంతిని బలంగా కిందికి బాదే స్మాష్ కొట్టడమే కావాలి. లిఫ్ట్ ఇవ్వడానికి, అంటే స్మాష్ కొట్టేవాళ్లకు బంతిని ఎత్తి అందించడానికి, ఎవరూ ముందుకు రారు, చూసే జనానికి కూడా లిఫ్టర్ కనిపించడు. పీఈటీగారు చేసిన మొదటి పని, అమ్మాయిల జట్టులో అందరికంటే పొట్టిగా ఉన్న తొమ్మిదో తరగతి పిల్లను లిఫ్టర్‌గా నిలబెట్టడం. ఆమె చేతుల్లో బలం తక్కువ, కానీ మొదటి బంతి ఎటు నుంచి ఎంత వంకరగా వచ్చినా దాని కిందికి ముందే చేరుకునేది. నెల తిరిగేసరికి ఇద్దరు స్మాషర్లలో ఒకామెకు వలకు ఆనించి, రెండో ఆమెకు ఒక అడుగు ఎడంగా, ఎవరి అలవాటుకు తగ్గట్టు వాళ్లకు ఎత్తి ఇవ్వడం ఆమెకు అలవడింది. జట్టు అనే మాటకు అర్థం నాకు అక్కడ కనబడింది. ఆ ముగ్గురిలో ఎవరిని విడదీసినా మిగిలిన ఇద్దరి ఆట సగానికి పడిపోయేది.

వాలీబాల్‌లో ఎవరినీ దాచిపెట్టలేం. సర్వీసు తమ చేతికి వచ్చిన ప్రతిసారీ ఆరుగురూ గడియారపు ముల్లు తిరిగే దిక్కున ఒక్కో స్థానం జరగాలి కనుక, పొట్టివాడూ వల దగ్గరికి రావాలి, పొడుగువాడూ వెనక్కి వెళ్లి బంతి అందుకోవాలి. అవతలి జట్టు బలహీనుణ్ని చూసి వాడి మీదికే సర్వీసు చేస్తుంది. బాస్కెట్‌బాల్‌లో అయితే డ్రిబ్లింగ్ వచ్చిన ఇద్దరు మిగతా ముగ్గురికి బంతి తగలకుండానే ఆట నడిపించేయగలరు, మా అబ్బాయిలు సరిగ్గా అదే చేసేవారు. పీఈటీగారు రెండు వారాలపాటు డ్రిబ్లింగ్ పూర్తిగా నిషేధించి పాసులతోనే ఆడించాక గాని మిగిలిన ముగ్గురి పేర్లు ఆ ఇద్దరి నోట వినబడలేదు.

రెండు ఆటల్లోనూ బంతి తగిలి వేలు వాయడం మామూలు. అలా వాచిన వేలిని పట్టి లాగడం మన ఊళ్లలో వైద్యంగా చెలామణీ అవుతోంది. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. చల్లని నీళ్లు గాని, గుడ్డలో చుట్టిన మంచు గాని పెట్టి, పక్క వేలితో కలిపి కట్టి, వాపు తగ్గకపోయినా వేలు వంకరగా కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మధ్యాహ్నం ఒంటి గంటకు తిన్న అన్నం, గుడ్డుతో పిల్లలు సాయంత్రం ఆరు దాకా గెంతుతారన్నది కూడా పెద్దలు పట్టించుకోని విషయమే. మాకు ఒక అమ్మాయి తల్లి ఉడికించిన వేరుశనగలు పంపడం మొదలుపెట్టాక మిగతా ఇళ్లవాళ్లు వంతులు వేసుకున్నారు.

మండల పోటీల్లో మా అబ్బాయిల వాలీబాల్ జట్టు మొదటి మ్యాచ్‌లోనే మూడో సెట్‌లో ఓడింది. అమ్మాయిలు ఫైనల్ దాకా వెళ్లారు. ఆ తర్వాత జిల్లా ఎంపికలకు మా స్మాషర్లు ఇద్దరినీ తీసుకున్నారు, లిఫ్టర్‌ను తీసుకోలేదు. పై స్థాయికి వెళ్లేది పాఠశాల జట్టు కాదు, ఎంపికైన క్రీడాకారులు. పద్ధతి అదే కనుక ఎవరినీ తప్పు పట్టలేం. అలవాటైన లిఫ్ట్ అందక ఆ ఇద్దరూ అక్కడ రాణించలేకపోయారు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి, బరువులెత్తే క్రీడాకారిణులు ఊసవానిపేట కరణం మల్లేశ్వరి, కొండవెలగాడ మత్స సంతోషి అంటూ మన ఉత్తరాంధ్ర గర్వంగా చెప్పుకునే పేర్లు ఎక్కువగా ఒంటరి బలానికి చెందినవి. జట్టును కలిపి ఉంచే ఏర్పాటు కూడా ఉంటే బంతి ఆటల్లోనూ మనవాళ్ల పేర్లు వినబడేవేమోనని నాకు అనిపిస్తుంది.

బాస్కెట్‌బాల్‌లో జరిగింది ఇంకా విచిత్రం. బోర్డులున్న బడులే తక్కువ కనుక మా మండలంలో ఆ పోటీ జరగలేదు, జట్టు నేరుగా పెద్ద పోటీకి వెళ్లింది. బంతి చేతికి వచ్చిన జట్టు ఎనిమిది సెకన్లలో కోర్టు మధ్య గీత దాటాలి. సగం కోర్టులోనే పెరిగిన మా పిల్లలకు దాటవలసిన గీత ఒకటుంటుందని నోటితో చెప్పడమే తప్ప, దాటించి చూపించే వీలు లేదు. పూర్తి కోర్టు మీద రెండో క్వార్టరుకే ఆయాసపడిపోయి, పదే పదే ఆ నియమం దగ్గరే బంతి పోగొట్టుకున్నారు.

లెక్కల మనిషిని కనుక ఈ సంగతి లెక్కగా చెబుతాను. ఎనిమిది జట్ల నాకౌట్ పోటీలో మొత్తం ఏడు మ్యాచ్‌లు జరుగుతాయి, నాలుగు జట్లు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికి పోతాయి. ఎక్కువ మ్యాచ్‌లు ఎవరికి అవసరమో వాళ్లకే అతి తక్కువ దక్కుతాయి. అవే ఎనిమిది జట్లను నాలుగేసి చొప్పున రెండు గుంపులు చేసి, గుంపులో ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఆడే లీగ్ పద్ధతిలో ఆడిస్తే, అందరికంటే వెనకబడిన జట్టుకు కూడా మూడు మ్యాచ్‌లు వస్తాయి.

ఆ అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, కరెంటు లేక ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మా వాలీబాల్ కర్రలు రెండూ విరిగాయి. తోటలు పోయిన ఇళ్ల పిల్లలు చాలాకాలం బడికే రాలేదు, వచ్చాక వాళ్లతో ఏం మాట్లాడాలో మాకు తెలియలేదు. ఆట మళ్లీ మొదలుపెడదామన్నది పిల్లలే. చుట్టుపక్కల నాలుగు బడుల పీఈటీలు మాట్లాడుకుని నవంబరు నుంచి శనివారాలు లీగ్ పెట్టుకున్నారు. ఒక జూనియర్ కళాశాల తన పూర్తి కోర్టు ఇచ్చింది, డిగ్రీ విద్యార్థులు విజిల్ పట్టారు. ఆరు మ్యాచ్‌ల్లో ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఆడుతుంది. అది పూర్తయ్యాక మళ్లీ మొదటినుంచి ఆడాలని అనుకున్నారు. కప్పు లేదు, అతిథులు లేరు, ఉపన్యాసాలు లేవు, పిల్లలకు ఆ చివరిది బాగా నచ్చింది. అబ్బాయిలు ఎనిమిది సెకన్లను పైకి లెక్కపెట్టుకుంటూ పరుగెత్తడం డిసెంబరుకు మానేశారు, ఆ లెక్క ఒంటికి పట్టింది. లిఫ్టర్, స్మాషర్లు ముగ్గురూ మళ్లీ ఒకే కోర్టులో ఆడారు.

రెండో విడత పూర్తి కాలేదు. జనవరిలో పదో తరగతికి అదనపు క్లాసులు మొదలవడంతో రెండు మ్యాచ్‌లు మిగిలిపోయాయి. అందుచేత ఇలాంటి లీగ్ పెట్టదలచిన బడులు నవంబరు దాకా ఆగకుండా, జులైలోనే, సైకిలు మీద వెళ్లిరాగల దూరంలోని మూడు నాలుగు పాఠశాలలతో, ముందు వాలీబాల్‌తో మొదలుపెట్టడం మంచిది. మాకైన ఖర్చులో ఎక్కువ భాగం బంతులకు కాదు, ఆటోలకే పోయింది.

సెలవు. నమస్కారం.